వెనక పట్టుకోకూడదు

మంగినపూడి బీచ్‌లో జెట్ స్కీ నడిపే జయకృష్ణకి ఒక చాదస్తం ఉంది. బండి ఎక్కేవాళ్ళ మొహం చూడడు, చేతులు చూస్తాడు. ఆ చేతులు ఎక్కడున్నాయి, దేన్ని పట్టుకున్నాయి, ఎంత గట్టిగా పట్టుకున్నాయి, అవన్నీ చూసుకున్నాకే బండి కదిలేది. మొహాలు చూడ్డానికి అతనేమీ పెళ్ళిచూపులకి రాలేదు కదా.

నీళ్ళ మీద పరిగెత్తే బండి అది. హ్యాండిలూ పొడుగాటి సీటూ ఉంటాయి గనక ఎక్కేవాళ్ళంతా మోటారు సైకిలే అనుకుంటారు. తంటా అంతా అక్కడే వస్తుంది. గ్యాసు, అంటే ఎక్సలేటరు, వదిలేస్తే హ్యాండిలు ఎటు తిప్పినా అది తిరగదు, పోయేవైపుకే పోతుంది. అడుగునించి నీళ్ళు పీల్చి వెనకనించి చిమ్ముతుంది. ఎంత జోరుగా చిమ్ముతుందంటే, సరిగ్గా ఆ ధార మీద మనిషి పడితే తిన్నగా ఆస్పత్రికే. కాబట్టి వెనక కూర్చున్నవాళ్ళు వెనక్కి పడకూడదు. వెనక్కి పడకూడదంటే ముందున్నవాణ్ణి గట్టిగా పట్టుకోవాలి. ఇందులో అర్థం కాకపోవడానికేముంది?

అర్థం అవుతుంది. కానీ మన ఆడవాళ్ళు ముక్కూ మొహం తెలియని మగాడి నడుం పట్టుకోరు. మొగుడు ఒడ్డున నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటే, అత్తగారు చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళు చికిలించి చూస్తుంటే, పరాయివాడి నడుం చుట్టూ చేతులెలా వేస్తారు? అన్నిటికీ సరేనని తలూపి ఎక్కేవాళ్ళు. ఎక్కాక చేతులు మెల్లిగా వెనక్కి జారుకుని సీటు చివరున్న పట్టీని పట్టుకునేవి. మోటారు సైకిల్ మీద పక్కకి కూర్చుని, వెనక రాడ్డు పట్టుకుని, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళిన అలవాటు మరి. ఒకసారి బంటుమిల్లి నుంచి వచ్చిన ఓ టీచరమ్మ అలాగే పట్టుకుని కూర్చుని, మొదటి కెరటానికే వెనక్కి పడిపోయింది. అదృష్టం బాగుండి అప్పటికే గ్యాసు తగ్గించాడు గనక మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. ఆవిడ తేరుకుని, తప్పు నాదేనండీ అంటూ ఎదురు ఇతన్నే ఓదార్చి వెళ్ళింది. జయకృష్ణకి మాత్రం ఆ తర్వాత చాలా రోజులు అన్నం సహించలేదు.

అప్పుడు కుట్టించాడు నవారు బెల్టు. అతను పుట్టింది పెడనలో, నేతపనివాళ్ళ ఇంట్లో. తండ్రి స్నేహితుడొకాయన దగ్గరికి వెళ్ళి, మంచానికి అల్లే నవారునే ఇంకాస్త మందంగా నేయించాడు. దాన్ని నడుముకి బిగించుకునేలా బెల్టుగా చేసి, రెండు పక్కలా పిడికిలి పట్టేలా పిడులు కుట్టించాడు. ఇక నా నడుం పట్టుకోనక్కర్లేదమ్మా, నవారు పట్టుకోండి చాలు అనేవాడు. ఆ మాట పనిచేసింది. నవారుకి వావీ వరసా ఏముంటాయి? బండ్ల యజమాని నాగవంశీ మొదట పగలబడి నవ్వి, నువ్వు మనుషుల్ని తిప్పుతున్నావా మంచాలు మోస్తున్నావా అని ఏడిపించాడు. నెల తిరక్కుండా మిగతా డ్రైవర్లకి కూడా అవే కుట్టించాడు.

వెనక పట్టుకోకూడదు, ముందు పట్టుకోండి. రోజుకి ఎన్నిసార్లు ఈ మాట అంటాడో అతనికే తెలియదు. పడుచుపిల్లలతో అంటాడు, ముసలమ్మలతో అంటాడు, మీసాలు మెలేసిన మగాళ్ళతో కూడా అంటాడు. అనాల్సిన మనిషితో, అనాల్సిన రోజున మాత్రం అనలేదు. అది వేరే కథ. వేరే కథేమిటి నా మొహం, ఈ కథ అదే.

పన్నెండేళ్ళ కిందటి మాట. పెడనలో జయకృష్ణ వాళ్ళ వీధి చివర కలంకారీ అద్దకం షెడ్డు ఒకటుండేది. అతని స్నేహితుడు ప్రకాష్ వాళ్ళది. ప్రకాష్ చెల్లెలు శాంతి అందులో అచ్చులు వేసేది. పొడుగాటి బల్ల మీద కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డ పరిచి, చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పైన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేది. ఆ చప్పుడు జయకృష్ణకి ఇంట్లోకి వినపడేది. బల్ల దగ్గర నలుగురు పనిచేస్తున్నా అందులో శాంతి గుద్దు ఏదో తను చెప్పగలననుకునేవాడు. నిజంగా చెప్పగలిగేవాడో లేదో దేవుడికెరుక, అడిగి చూసినవాళ్ళు లేరు.

ఇనుప తుప్పూ బెల్లమూ నానేసి తీసిన నల్లరంగు పట్టి ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళ చేతులు మణికట్టు దాకా నల్లగా ఉండేవి. ఆ వీధిలో సగం మంది చేతులు అలాగే ఉండేవి గనక ఎవరూ దాన్నొక విశేషంగా చూసేవారు కాదు. జయకృష్ణా చూడలేదు.

శాంతి అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి శాంతికి తప్ప వీధిలో కుక్కలక్కూడా తెలుసు. ఊరంతా తిరిగి కబుర్లు చెప్పే నోరు ఆ షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పడిపోయేది. ప్రకాష్ ఉన్నాడా అని అడిగేవాడు. అడిగేది ఎప్పుడు? ప్రకాష్ బజారుకి వెళ్ళడం కళ్ళారా చూసి, మరీ వచ్చి అడిగేవాడు. లేడండీ అనేది శాంతి. సరే అని తిరిగి వెళ్ళిపోయేవాడు. ఇదీ వీళ్ళ వ్యవహారం.

అలా ఉండగా శాంతి స్నేహితురాలు రెబెకా పెళ్ళి వచ్చింది, బందరు చర్చిలో. తీసుకెళ్ళాల్సింది ప్రకాష్. సరిగ్గా ఆ వారమే కాలవకి నీళ్ళు వదిలారు. ఎండాకాలమంతా ఎండిపోయిన కాలవలోకి నీళ్ళొస్తే అద్దకం వాళ్ళకి ఊపిరాడదు. అద్దిన గుడ్డలన్నీ పారే నీళ్ళలో జాడించుకోవాలి, ఎవరి రేవు వాళ్ళు ముందే పట్టుకోవాలి. ప్రకాష్ వచ్చి, రేపు మా చెల్లిని నీ బండి మీద బందరులో దింపిరారా అన్నాడు.

పొద్దున్నే జయకృష్ణ బజారుకెళ్ళి కొత్త చొక్కా కొన్నాడు. పెళ్ళికైతే తెల్లదే బాగుంటుందన్నాడు కొట్టువాడు. పెళ్ళి తనది కాదని ఇతను చెప్పలేదు. ఆ మల్లెపువ్వులాంటి చొక్కా తొడుక్కుంటూ, అద్దం ముందు నిలబడి, మనసులో ఒక పందెం వేసుకున్నాడు. బందరు రోడ్డులో రైల్వే గేటు దాటేలోపల శాంతి తన భుజం మీద చెయ్యి వేస్తే, మర్నాడే అమ్మని వాళ్ళింటికి సంబంధం మాట్లాడ్డానికి పంపిస్తాడు. వెయ్యలేదా, తనంటే ఇష్టం లేనట్టే. ఇక ఈ జన్మలో ఆ ఊసెత్తడు. ఎవరు వెయ్యమన్నారు ఈ పందెం? ఆ పిల్లకి చెప్పాడా? చెప్పకుండా పరీక్ష పెట్టి, చెప్పకుండానే ఫెయిల్ చేసేవాణ్ణి ఏమనాలి?

శాంతి ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. అతన్నీ, చొక్కానీ ఒకసారి చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. బండి మీద పక్కకి తిరిగి కూర్చుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, సీటు వెనకున్న రాడ్డు పట్టుకుంది. జయకృష్ణ అద్దంలో చూసుకుంటూ నడిపాడు. రైల్వే గేటు వేసి ఉంది. రైలు వచ్చేదాకా ఆగారు. గేటు తీశాక పట్టాల మీద బండి ఎగిరెగిరి పడింది. అయినా ఆమె చేతులు రాడ్డు మీదనించి కదల్లేదు. ఒక్క మాట, వెనక కాదు శాంతీ, ముందు పట్టుకో అనే ఒక్క మాట అతని నోట్లోకి వచ్చి కూర్చుంది. బయటికి మాత్రం రాలేదు. చర్చి దగ్గర దిగి, వెళ్ళొస్తానండి అంది శాంతి. జయకృష్ణ తలూపాడు.

ఆ తర్వాత గుడివాడ సంబంధం ఒకటి వచ్చింది, కుదిరింది. ఆ పెళ్ళిలో జయకృష్ణ భోజనాల దగ్గర నిలబడి పప్పూ, గుత్తివంకాయా వడ్డించాడు కూడా. తెల్లచొక్కాని అమ్మ సుబ్బాయమ్మ ఉతికి ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది. దాన్ని మళ్ళీ తొడుక్కోలేదు. మగ్గం గదిలో కూర్చుంటే షెడ్డులోంచి గుద్దుల చప్పుడు వినపడుతూనే ఉంది, ఒక గుద్దు తగ్గింది అంతే. ఆ తగ్గిన చప్పుడు భరించలేక దివిసీమ వెళ్ళిపోయాడు. పాలకాయతిప్పలో నాగవంశీ పడవ మీద పనికి కుదిరాడు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట నీళ్ళు పైకి ఎలా ఉంటాయి, అడుగున ఎటు లాగుతాయి అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత నాగవంశీ జెట్ స్కీలు కొని మంగినపూడిలో దింపినప్పుడు, మనుషుల్ని జాగ్రత్తగా చూసుకునేవాడు కావాలని ఇతన్ని తీసుకొచ్చాడు. మళ్ళీ పెడనలో అమ్మ దగ్గరే ఉంటున్నాడు.

సంబంధాలు రాకపోలేదు. ఏదో ఒక వంక పెట్టి తిప్పికొట్టాడు. శాంతి మీద కోపమా అంటే అదీ లేదు. అతనికి కావాల్సింది ఒక్కటే. తనంటే ఎందుకు ఇష్టం లేకపోయిందో తెలియాలి. తనలో ఏం లోటుందో, ఏం చూసి ఆ పిల్ల అంత దూరం జరిగి కూర్చుందో తెలిస్తే చాలు. తెలుసుకుని ఏం చేస్తావురా అని అడక్కండి. అరికాల్లో ముల్లు దిగితే అది ఏ చెట్టు ముల్లో తెలుసుకోవాలనిపించదూ? అంతే.

ఇక మొన్నటి సంగతి. మాఘమాసం, ఆదివారం, బీచ్ నిండా జనం. గుడివాడ నుంచి ఒకాయన కారేసుకుని కూతురితో వచ్చాడు. పేరు కిరణ్. చేపల చెరువులకి మేత అమ్మే షాపుందిట. మనిషి పొడుగూ వెడల్పూ రెండూ ధారాళంగా ఉన్నాడు, నవ్వు అంతకన్నా ధారాళం. తొమ్మిదేళ్ళ కూతురు సంజన ముందునించే గెంతుతోంది. నాన్నా నేనూ ఎక్కుతాం అంకుల్ అంటూ జాకెట్ తనే తొడుక్కుంది.

కిరణ్‌కి మాత్రం లైఫ్ జాకెట్ పట్టలేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది తెచ్చాడు జయకృష్ణ. కిరణ్ ఊపిరి బిగబట్టాడు, పొట్ట లోపలికి లాక్కున్నాడు, కూతురు వెనకనించి పట్టీలు గుంజింది. బకిల్ పడలేదు. బకిల్ దేనికండీ, నేను గట్టిగా పట్టుకుంటాగా అన్నాడు కిరణ్. బకిల్ పడని జాకెట్‌తో ఎక్కించనండీ, ఏమీ అనుకోకండి అన్నాడు జయకృష్ణ. సంజన మొహం ముడుచుకుపోయింది. పోనీ దాన్నొక్కదాన్నే తిప్పుకు రమ్మన్నాడు తండ్రి. అదీ కుదరదన్నాడు. అంత పిల్ల ఒక్కత్తే వెనక నిలవలేదు. ముందు కూర్చోబెట్టుకోవడం అసలే లేదు, హ్యాండిలు గుద్దుకుంటే పళ్ళు రాలతాయి. పిల్ల మధ్యలో కూర్చోవాలి, వెనక ఒక పెద్దవాళ్ళు కూర్చుని చేతుల మధ్య పిల్లని కాసుకోవాలి.

"అయితే అమ్మొస్తుంది," అంది సంజన.

అమ్మ అప్పుడే చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ వస్తోంది. జయకృష్ణ అలవాటుగా చేతులు చూశాడు. శుభ్రంగా, తెల్లగా ఉన్న చేతులు. అందుకే ఆనవాలు పట్టలేదు. నాకెందుకులేండీ భయం అన్న గొంతు విన్నాక తలెత్తాడు.

శాంతి.

శాంతి కూడా అతన్ని చూసింది. ముందు తనే తేరుకుని, మా పెడన వాళ్ళేనండీ, అన్నయ్య స్నేహితులు అని మొగుడికి చెప్పింది. కిరణ్ సంతోషం పట్టలేకపోయాడు. మా ఆవిడ ఊరివాళ్ళంటే నాకు బావగారే కదండీ అంటూ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇక భయం దేనికే, మీ అన్నయ్య లాంటి మనిషే నడుపుతుంటే అని పెళ్ళాన్ని తొందరపెట్టాడు. పాపం, అంత మంచి మనిషి మీద చిరాకు పడదామన్నా జయకృష్ణకి వీలు కాలేదు.

నాన్న ఎలాగూ రాలేడు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. శాంతి ఒప్పుకుంది.

రోజూ గడగడా చెప్పే జాగ్రత్తలన్నీ జయకృష్ణ తడబడుతూ చెప్పాడు. చున్నీ ఉండకూడదు, అడుగున నీళ్ళు పీల్చే చోటికి చిక్కుకుంటుంది. జుట్టు ముడేసుకోవాలి. గాజులు తీసేయాలి. పాదాలు రెండూ లోపల ఆనించి ఉంచాలి, బయటికి వేలాడెయ్యకూడదు. నేను ఎటు వంగితే అటే వంగాలి. ఒకవేళ అందరం పడ్డా ఫరవాలేదు, ఈ ఎర్రతాడు నా మణికట్టుకి ఉంది, నేను పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని దిగాలి. ఇవన్నీ చెప్పాడు. శాంతి చున్నీ మడిచి మొగుడి చేతికిచ్చింది, గాజులు అందులో మూటగట్టింది. చేతులెక్కడ పెట్టుకోవాలో మాత్రం జయకృష్ణ చెప్పలేదు. మర్చిపోలేదు. చెప్పలేకపోయాడు.

నడుం లోతు నీళ్ళలో బండి ఎక్కారు. ముందు జయకృష్ణ, మధ్యలో సంజన, వెనక శాంతి. సంజన రెండు పిడికిళ్ళతో నవారు పట్టుకుంది. ఒడ్డున కిరణ్ ఫోన్ పైకెత్తి, చేతులు ఊపండి చేతులు ఊపండి అని కేకలేస్తున్నాడు. జయకృష్ణ హ్యాండిలు పక్కనున్న అద్దంలో చూశాడు. శాంతి చేతులు వెనక్కి వెళ్ళాయి. సీటు చివర పట్టీని పట్టుకున్నాయి.

అదే కూర్చోవడం, అవే చేతులు వెనక్కి. పన్నెండేళ్ళ నాటి రోడ్డూ, రైలు గేటూ, ఆకుపచ్చ చీరా మొత్తం ఆ అద్దంలో కనపడ్డాయి. ఇప్పటికీ ఇష్టం లేదన్నమాట, ఒక్క చెయ్యి ఆనించడానిక్కూడా మనసు రాలేదన్నమాట అనుకున్నాడు. నవారు బెల్టు కట్టిన దగ్గర్నించీ ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. చేతులు చూసి కూడా బండి కదిపాడు.

మెల్లిగానే పోనిచ్చాడు. మొదటి కెరటం చిన్నది, దాటారు. రెండోదీ దాటారు. ఎదర మూడోది లేస్తోంది, కాస్త పెద్దది. దాన్ని దాటాలంటే గ్యాసు పెంచాలి. పెంచితే బండి ముందుకి ఉరుకుతుంది, వెనకున్న మనిషి పట్టీ పట్టుకున్నా వెనక్కి తూలుతుంది. టీచరమ్మ మోచెయ్యి గుర్తొచ్చింది. తన సిగ్గూ తన బాధా తగలెయ్యా, మధ్యలో పసిపిల్ల ఉంది! చటుక్కున గ్యాసు వదిలేశాడు. బండి ముక్కు కెరటానికి ఎదురుగా ఉండగానే వదిలాడు గనక ఆ నీటికొండ వాళ్ళని ఎత్తి, మెల్లిగా దింపి, కిందనించి వెళ్ళిపోయింది. ఇంజను ఆపేశాడు. ఒడ్డు మీది గోల సన్నగా వినపడుతోంది.

వెనక్కి తిరగలేదు. తిరిగితే మాట రాదని అతనికి తెలుసు.

"వెనక పట్టుకోకూడదు శాంతీ," అన్నాడు. "ముందు పట్టుకో."

అని, తన గొంతు తనే విన్నాడు. బండి నీళ్ళ మీద ఊగుతోంది. కాసేపటికి సంజనకి అటూ ఇటూ రెండు చేతులు ముందుకి వచ్చాయి. నవారు పిడుల్ని వెతుక్కుని పట్టుకున్నాయి. నడుముకి రెండు పక్కలా ఆ బిగువు అతనికి తెలిసింది.

"ఇప్పుడు ఫర్లేదులే," అంది శాంతి, "చేతులకి రంగు లేదు."

"ఏం రంగమ్మా?" అని సంజన తల పైకెత్తి అడిగింది.

శాంతి కూతురికే చెప్పింది. పెళ్ళికి ముందు మావయ్య వాళ్ళ షెడ్డులో అచ్చులు వేసేదాన్నని చెప్పాగా, చేతులు నల్లగా ఉండేవి అంది. సబ్బుతో కడిగినా పోయేది కాదు, చెమట పట్టిందంటే ముట్టుకున్నచోటల్లా మరక దిగేది. ఒకసారి ఫ్రెండ్ పెళ్ళికి ఒకాయన బండి మీద వెళ్ళాల్సొచ్చింది. ముందురోజే తెలుసు. సబ్బుతో తోమాను, కుంకుడు పిప్పితో తోమాను, కాలవ గట్టున కూర్చుని ఇసక పెట్టి కూడా తోమాను, చేతులు మంటెక్కాయి గానీ రంగు పోలేదు.

"ఆయనేమో కొత్త తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఎంత బాగుందో. పట్టుకుంటే పాడైపోతుందని, వెనక రాడ్డు పట్టుకుని కూర్చున్నా."

"పడిపోలేదా?"

"లేదు. చేతులు తిమ్మిరెక్కాయి అంతే."

"మరి ఆయన పట్టుకోమని చెప్పలేదా?" అంది సంజన.

"చెప్పలేదు."

"చొక్కా పాడవుతుందని నువ్వైనా చెప్పాల్సింది."

"నేనూ చెప్పలేదు," అంది శాంతి. "చెప్తాడేమోనని గేటు దాటేదాకా చూశాను. ఆ తర్వాత కూడా చూశాను చాన్నాళ్ళు."

జయకృష్ణ హ్యాండిలు పట్టుకుని ఎదురుగా ఉన్న నీళ్ళు చూస్తున్నాడు. ఇనుప తుప్పూ బెల్లం. పుట్టినప్పట్నించీ ఆ వాసన పీల్చాడు, ఆ చేతులు చూస్తూ పెరిగాడు. తెల్లగుడ్డ పక్కన ఆ చేతులు పెట్టకూడదని పెడనలో పాకే పిల్లలకి కూడా తెలుసు. ఆ చొక్కా కాకుండా పాత గళ్ళచొక్కా తొడుక్కుని వెళ్ళి ఉంటే? నీలంది, నల్లది, ఏదైనా సరే, తెల్లది కాకుండా ఉండి ఉంటే? ఇష్టం లేదని ఇన్నేళ్ళు ఏడ్చాడు. ఇష్టం ఉందని ఇప్పుడు తెలిసింది, ఈ ఏడుపు దానికన్నా పెద్దదని కూడా ఇప్పుడే తెలిసింది.

"అంకుల్, పోనివ్వండి," అని సంజన వీపు మీద తట్టింది.

"గట్టిగా పట్టుకున్నారా?" అని అడిగాడు.

పట్టుకున్నామని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

అప్పుడు పోనిచ్చాడు బండిని. కుడివైపు తీరం వెంబడి అలాగే పోతే దివిసీమ వస్తుంది. పాలకాయతిప్ప వస్తుంది, కృష్ణ వచ్చి కలిసేచోట నీళ్ళు రంగు మారతాయి, అది చూపించాలనిపించింది. ట్యాంకు నిండా పెట్రోలుంది. నడుముకి రెండు పక్కలా ఆమె పిడికిళ్ళున్నాయి. వెనక్కి తిరక్కుండా అలా పోతూ ఉండాలని, ఎవరూ పిలవకూడదని, చీకటి పడకూడదని ఎంతగానో అనిపించింది అతనికి. అనిపించినంత మాత్రాన ఏమవుతుంది? మధ్యలో కూర్చున్న పిల్ల కిలకిలా నవ్వుతోంది. ఒడ్డున దాని తండ్రి, చున్నీలో గాజులు మూటగట్టుకుని, కళ్ళప్పగించి చూస్తూ ఉంటాడు. హద్దు గుర్తుగా ఎర్రజెండా కట్టి నీళ్ళ మీద తేలేలా వదిలిన బుయ్యి దగ్గరికి రాగానే బండి తిప్పాడు. గ్యాసు చాలినంత ఉంచి, వెడల్పుగా, కడుపులో చల్ల కదలకుండా తిప్పాడు. అంత జాగ్రత్తగా ఎవరినీ ఎప్పుడూ తిప్పలేదు. ఒక రౌండు మాత్రం ఎక్కువ వేశాడు. ఆ రోజు అతను తీసుకున్నది అదొక్కటే.

ఒడ్డు దగ్గర ముందే ఇంజను ఆపేసి, మిగిలిన ఊపుతో నీళ్ళ మీద జారుతూ వచ్చి ఆగారు. దిగేటప్పుడు వెనకవాళ్ళు ముందు దిగాలి. శాంతి లేచి నిలబడి ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత అతను చెప్పినట్టే భుజం మీద చెయ్యి వేసింది. తడిచెయ్యి, చల్లగా ఉంది. ఆ చేతి మీద బరువు వేసి, ఒక కాలు ఇవతలికి తీసి, నీళ్ళలోకి దిగింది. అందరూ అలాగే దిగుతారు. జయకృష్ణ కళ్ళలో ఉప్పునీళ్ళు పడ్డాయంటూ మోచేత్తో తుడుచుకున్నాడు.

కిరణ్ నీళ్ళలోకి ఎదురొచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు. వీడియో బ్రహ్మాండంగా వచ్చిందనీ, గుడివాడ వస్తే మా ఇంట్లో భోంచెయ్యకుండా వెళ్ళకూడదనీ బావగారికి గట్టిగా చెప్పాడు. శాంతి గాజులు ఒక్కొక్కటే తొడుక్కుని, చున్నీ వేసుకుంది.

"వెళ్ళొస్తానండి," అంది.

చెప్పడానికి అతని దగ్గర బోలెడుంది. ఈసారి కూడా తలే ఊపాడు. మనిషి మారితే కదా.

సాయంత్రం పెడన వెళ్ళాక, కాళ్ళు కూడా కడుక్కోకుండా, బీరువాలో తెల్లచొక్కా ఏదీ అని తల్లిని అడిగాడు. సుబ్బాయమ్మకి ఆశ పుట్టింది. ఎక్కడికైనా సంబంధం చూడ్డానికి వెళ్తున్నావా నాన్నా అంది. లేదన్నాడు. అయినా ఆవిడ సంబరంగా చీరల అడుగునించి చొక్కా తీసుకొచ్చి, దులిపి, గుమ్మంలో వెలుగుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూపించింది.

"ఎంత జాగ్రత్తగా దాచానో చూడరా, ఒక్క మరకైనా ఉందా?"

జయకృష్ణ చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. మడతల దగ్గర కాస్త పచ్చబడింది, కర్పూరం వాసన వస్తోంది. భుజం దగ్గర వేలితో తడిమి చూశాడు, వెలుగులోకి జరిగి మళ్ళీ చూశాడు. అమ్మ చెప్పింది నిజమే. ఎక్కడా ఏమీ లేదు.